లేపాక్షి కప్పుమీది చీరలు



అమెరికాలో ఫిట్జ్ హెన్రీ లేన్ (1804–1865) అని ఒక చిత్రకారుడుండేవాడు. చిన్నప్పుడే కాళ్ళు చచ్చుబడి చంకకర్రలతో నడిచేవాడు. ఆయన కొన్ని తైలవర్ణ చిత్రాల్లో సముద్రపుటొడ్డున బండలు, కదలని నీళ్ళు, పైన ఆకాశం. అంతే! 1864 ప్రాంతాల్లో, ఆ దేశంలో అంతర్యుద్ధం సాగుతుండగా, బ్రేసెస్ రాక్ అనే ఒక్క బండనే మళ్ళీ మళ్ళీ వేశాడు. మనుషులుండరు, ఒక విరిగిన పడవ తప్ప.

మన అనంతపురం సీమలో బండలకేం కొదవ? నీళ్ళే కరువు. ఇక్కడి చిత్రకారులు బండను బొమ్మగా వేయలేదు. బండమీది గుడి కప్పునిండా మనుషుల్ని నింపేశారు.

హిందూపురానికి దగ్గరలో లేపాక్షి ఉంది కదా (2022 నుంచి శ్రీ సత్యసాయి జిల్లాలోకి వచ్చింది), అక్కడి వీరభద్రాలయం కూర్మశైలమనే తాబేటివీపు గుట్టమీద ఉంది. అచ్యుతదేవరాయల కాలంలో (1529–1542) విరూపన్న, వీరన్న అనే అన్నదమ్ములు కట్టించారు. కప్పుకు సున్నపు గచ్చు, దానిమీద కావిరంగు, నల్లని గీత, ఆకుపచ్చ, తెలుపు, పసుపు ఛాయలు. నీలం మాత్రం వెతుక్కోవాల్సిందే.

పార్వతిని పెళ్ళికూతుర్ని చేసే దృశ్యం చూసి తీరాలి. చెలికత్తెల చీరలు ఒకదానిలా ఇంకొకటి లేదు! చారలు, గళ్ళు, పువ్వులు, వెడల్పాటి అంచులు, జడలకు నగలు. నాలుగైదు వందల ఏళ్ళనాటి మన ఆడవాళ్ళ కట్టూబొట్టూ ఏ పుస్తకంలోనూ ఇంత వివరంగా దొరకదని నాకనిపిస్తుంది. మగవాళ్ళకేమో పొడుగాటి కుళ్ళాయిలు. విరూపన్న సోదరులు కూడా పరివారంతో భక్తిగా నిలబడి కనిపిస్తారు.

ఆ విరూపన్న కోశాధికారి. రాజుకు చెప్పకుండా ఖజానా సొమ్ము గుడికి ఖర్చుపెట్టాడనీ, కళ్ళు తీయించమని ఆజ్ఞ రాగానే తానే పెరికి గోడకేసి కొట్టాడనీ జనం చెప్పుకుంటారు. గోడమీది ఎర్రని మరకలు చూపిస్తారు కూడా. (పోపులడబ్బాలో దాచి చీర కొనుక్కున్నవాళ్ళం మనం, ఆయన్ని ఏమంటాం!) కల్యాణమండపం మాత్రం స్తంభాలతోనే ఆగిపోయింది.

ఇప్పుడు చాలాచోట్ల గచ్చు పెచ్చులూడింది, రంగు వెలిసింది. కొన్ని ముఖాలకు గీత మాత్రమే మిగిలింది. 2022లో యునెస్కో తాత్కాలిక జాబితాలో లేపాక్షి పేరు చేరింది. పిల్లల్ని నంది దగ్గరే ఆడించి తిరిగొచ్చేయకండి, లోపలికి తీసుకెళ్ళండి. తలెత్తి చూస్తే మెడ పట్టేస్తుంది, చేతిసంచిలో ఒక అద్దం వేసుకెళ్ళి అందులో చూడండి.