నాటు టమాట ఎంత నాటు? పాలమూరు పెరట్లో ఒక విత్తనం కథ

ఈ ఎపిసోడ్‌లో రాజులు లేరు, కోటలు లేవు. టమాట చరిత్ర మాట్లాడుకుందాం.

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ వైపు పెరడున్న ఇంట్ల అడిగి చూడండి, ప్రతి ఏడూ ఏ టమాట పెడతారని. ఎక్కువగా వినపడేది ఒకటే మాట: నాటు టమాట. కొంచెం చప్పిడిగా, గీతలు గీతలుగా, తోలు పలుచగా ఉంటది. పులుపు ఎక్కువ. పప్పులో వేస్తే ఇట్టే కరుగుతది. మార్కెట్లో దొరికే కోల టమాట గట్టిది, వారమైనా చెక్కు చెదరదు. కానీ దాంతో తొక్కు నూరితే మా అమ్మ మళ్లీ చింతపండు కలుపుతది.

సరే, ఈ నాటు ఎంత నాటు?

మన పాత వంట చూడండి. పచ్చిపులుసులో టమాట లేదు. పుంటికూర, చింతచిగురు, మామిడికాయ, పులుపంతా వీటిదే. చాలా ఇండ్లల్లో తద్దినం వంటలోకి టమాట ఇప్పటికీ రాదు. అంటే మన వంటింటికి అది కొత్త చుట్టమే. పుట్టింది దక్షిణ అమెరికాలో, పెంపుడు పంటగా మారింది మెక్సికోలో. పేరు కూడా అక్కడి నహువాటిల్ భాషలోని 'టొమాటిల్' నుంచే వచ్చింది. 16వ శతాబ్దంలో స్పెయిన్ వాళ్లు యూరప్‌కు తీసుకెళ్లారు, ఆ తర్వాత ఓడల్లో మన తీరానికి చేరింది. 19వ శతాబ్దం చివర్లో జార్జ్ వాట్ మన దేశపు పంటల మీద నిఘంటువు తెచ్చేనాటికి కూడా, దీన్ని ఎక్కువగా ఇక్కడున్న యూరోపియన్ల కోసమే పండించేవాళ్లు. గోదావరి వైపు రామములక్కాయ అన్నారు. మనం మాత్రం దొరల మాటనే మన నోటికి తగ్గట్టు తిప్పుకున్నాం.

ఇక అసలు విషయం. పెరట్లో నాటు అని పిలిచే కాయ చాలాసార్లు పూసా రూబీలాగే ఉంటది. పూసా రూబీ ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థ తయారుచేసిన రకం. 'సూ' అనే అమెరికా రకాన్ని 'ఇంప్రూవ్డ్ మీరుటీ'తో కలిపి తీశారు. బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థ ఇచ్చిన అర్క వికాస్ కూడా టిప్‌టాప్ అనే అమెరికా రకంలోంచి ఏరిందే. తమిళనాడు పెరియకుళం నుంచి వచ్చిన పీకేఎం-1 మాత్రం అన్నంజి అనే ఊరి రకం నుంచి పుట్టింది.

నన్నడిగితే వీటన్నిటినీ నాటు అనొచ్చు. టమాట పువ్వు ఎక్కువగా తన పుప్పొడితోనే కాయ కడుతుంది కాబట్టి, ఈ రకాల గింజ దాచి మళ్లీ పెడితే అదే కాయ వస్తుంది. మా అవ్వ బాగా పండిన కాయను పిడకకు రాసి, ఆరబెట్టి, అటక మీద పెట్టేది. ఆమెకు పూసా తెల్వదు, ఢిల్లీ తెల్వదు.

1973లో బెంగళూరులోని ఇండో అమెరికన్ హైబ్రిడ్ సీడ్స్ 'కర్ణాటక' అనే హైబ్రిడ్ టమాట తెచ్చింది. 1988 విత్తన విధానం తర్వాత బయటి విత్తనాలకు దారి సులువైంది. హైబ్రిడ్ దిగుబడి ఎక్కువ. అమ్మకానికి పండించే రైతు దాన్ని ఎంచుకుంటే తప్పు పట్టలేం. కానీ దాని గింజ దాచి పెడితే, ఒక్కో చెట్టు ఒక్కో తీరు. మా సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే యాప్ మన ఫోన్లో ఉంటది, సోర్స్ కోడ్ కంపెనీ దగ్గర ఉంటది.

ఆ హైబ్రిడ్‌ను చేత్తో కట్టే పని నడిగడ్డ వాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. కృష్ణా తుంగభద్రల నడుమ మన గద్వాల పత్తి విత్తనానికి పేరు. సాయంత్రం మొగ్గ విప్పి మగ భాగం తీసేయాలి, తెల్లారి వేరే పువ్వు పుప్పొడి రుద్దాలి. ఒక్కొక్క పువ్వుకూ! దీన్నే క్రాసింగ్ అంటారు. కర్ణాటకలో రాణెబెన్నూరు వైపు టమాట హైబ్రిడ్ విత్తనం చేసేదీ ఇట్లనే. చిన్న వేళ్లకు సులువని బడి మాన్పించి పిల్లల్ని ఈ పనిలో పెట్టారు. వాళ్లలో నా వయసు వాళ్లూ ఉన్నారు. పరీక్షలో విత్తనం ఫెయిలైతే రైతుకు చేసిన కష్టం పోతుంది. పాసైనా తల్లి, తండ్రి రకాలు ఆయనవి కావు.

2001లో వచ్చిన మొక్కల రకాలు, రైతు హక్కుల రక్షణ చట్టం ప్రకారం రైతు తన విత్తనం దాచుకోవచ్చు, మళ్లీ విత్తుకోవచ్చు, పంచుకోవచ్చు. బ్రాండ్ పేరు పెట్టకుండా అమ్ముకోవచ్చు కూడా.

మీరూ దాచాలనుకుంటే, తెగులు లేని చెట్టు చూసి దాని మీదనే కాయను బాగా పండనివ్వండి. గుజ్జును రెండు మూడు రోజులు గిన్నెలో పులియనిస్తే గింజ చుట్టూ ఉన్న జిగురు పోతుంది. అడుగుకు దిగిన గింజలు కడిగి, నీడలో ఆరబెట్టి, పొట్లం కట్టి మీద ఏ సంవత్సరమో రాయండి. తడి తగలకుంటే మూడు నాలుగేళ్లు మొలుస్తాయి.

వచ్చే ఎపిసోడ్‌ మిరప మీద. అది కూడా ఓడెక్కి వచ్చిందే.