శిక్ష మచ్చ తొలగింపు (భారతదేశం)

కోర్టు దోషిగా తేల్చిన మనిషి ఆ తీర్పును గానీ, దాని వెంట వచ్చే అనర్హతలను గానీ చట్టం ద్వారా తీసేయించుకోవడం ఈ వ్యాస విషయం. భారతదేశంలో ఇందుకు ఒకే చట్టం, ఒకే దరఖాస్తు అంటూ లేవు. అప్పీలు, ప్రొబేషన్, రాజీ, క్షమాభిక్ష, బాల న్యాయ చట్టం అంటూ దారులు చాలా ఉన్నాయి గానీ దేని ఫలం దానిదే. బ్రిటన్ 1974లోనే నేరస్తుల పునరావాస చట్టం చేసి, చిన్న శిక్షలు కొన్నేళ్ళకు చెల్లిపోయినట్టే లెక్క అని ప్రకటించింది. అమెరికాలో చాలా రాష్ట్రాలు పాత రికార్డును మూసేయమని పిటిషన్ వేసుకోనిస్తాయి. అలాంటి సాధారణ చట్టమేదీ మన పార్లమెంటు చేయలేదు. కాబట్టి ఏ దారిన వెళ్తే ఎంత మచ్చ పోతుందో చూసి చెప్పే పని మొదటి నుంచీ వకీలు మీదే పడింది.

మచ్చ అంటుకున్న వైనం

1860 నాటి శిక్షాస్మృతిలో 75వ సెక్షన్ పాత నేరస్తుడు మళ్ళీ దొరికితే శిక్ష పెంచమంది. అయితే పాత శిక్ష ఇతనికే పడిందని రుజువు చేయడం అప్పట్లో కష్టం. ఊరు మారి పేరు మార్చుకుంటే ఎవరూ పోల్చుకోలేకపోయేవారు. 1897లో కలకత్తాలో వేలిముద్రల బ్యూరో ఏర్పడ్డాక ఆ వెసులుబాటు పోయింది. పోలీసు అధికారి ఎడ్వర్డ్ హెన్రీ పేరు దానితో ముడిపడింది గానీ, ముద్రలను వర్గీకరించే లెక్క కుదిర్చినవారిలో అజీజుల్ హక్, హేమచంద్ర బోస్ ముఖ్యులు. 1920లో ఖైదీల గుర్తింపు చట్టం కొలతలు, ముద్రలు తీసుకునే అధికారాన్ని స్థిరపరచింది.

ఇంకో మచ్చకు విచారణ కూడా అక్కర్లేకపోయింది. 1871 నేరస్థ తెగల చట్టం కొన్ని కులాలను పుట్టుకతోనే నేరస్తులుగా పట్టీకెక్కించింది. 1911 చట్టంతో అది మద్రాసు రాష్ట్రానికీ వచ్చింది. బాపట్ల దగ్గర స్టూవర్టుపురం అలా 1913లో సాల్వేషన్ ఆర్మీ నిర్వహణలో వెలసిన సెటిల్‌మెంటు. 1952లో చట్టం రద్దయి ఆ జనం విముక్త జాతులయ్యారు. ఈ దేశంలో ఒక్క కలంపోటుతో లక్షల మంది మీది ముద్ర చెరిగిన సందర్భం అది. చెరిగింది కాగితం మీదే. అలవాటు నేరస్తుల చట్టాల పేరుతో (ఆంధ్రప్రదేశ్‌లో 1962) నిఘా రిజిస్టర్లు పోలీసు స్టేషన్లలో మిగిలాయి.

ప్రొబేషన్

మొదటిసారి తప్పు చేసినవాడిని జైలుకు పంపకుండా మంచి నడవడి బాండు మీద వదిలే వీలు 1898 క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 562వ సెక్షన్‌లోనే ఉంది. మద్రాసు రాష్ట్రం 1936లో దీనికి సొంత చట్టం చేసుకుంది. దేశమంతటికీ 1958లో ప్రొబేషన్ ఆఫ్ అఫెండర్స్ యాక్టు వచ్చింది. 3వ సెక్షన్ కింద మందలించి పంపవచ్చు, 4వ సెక్షన్ కింద బాండు మీద వదలవచ్చు. ఈ రెండింటిలో ఏదో ఒక దాని కింద విడుదలైనవారికి శిక్ష తాలూకు అనర్హతలు అంటవని 12వ సెక్షన్ చెప్పింది. పెద్దల విషయంలో మన చట్టాల్లో మచ్చ తొలగింపుకు దగ్గరగా వచ్చిన మాట ఇదే.

ఆ మాట ఎంతవరకు చెల్లుతుందన్నది ప్రభుత్వోద్యోగుల కేసుల్లో తేలింది. ఢిల్లీ పాల సరఫరా సంస్థలో ఒక క్యాష్ క్లర్కు ఇంట్లో ఇబ్బందుల వల్ల 500 రూపాయలు వాడుకుని, తర్వాత కట్టేశాడు. మేజిస్ట్రేటు ప్రొబేషన్ ఇచ్చినా ఉద్యోగం ఊడింది. 12వ సెక్షన్ డిస్మిస్సల్‌ను ఆపదంటూనే, ఇంత చిన్న తప్పుకు అంత శిక్ష అన్యాయమని 1985లో సుప్రీంకోర్టు అతన్ని మళ్ళీ కొలువులో పెట్టింది. 1990లో బక్షీ రామ్ కేసులో కోర్టు మాట కటువుగానే ఉంది: ప్రొబేషన్‌తో జైలు తప్పుతుంది గానీ దోషి అన్న తీర్పు నిలిచే ఉంటుంది, ఇతర చట్టాలు పెట్టిన అనర్హతలే పోతాయి, శాఖాపరమైన చర్య పోదు.

ఇక్కడే లాయరు చూపు అవసరం. శిక్ష ఖరారు చేసే రోజున ప్రొబేషన్ అడగాలి. చిన్న కొట్లాట కేసుల్లో, పేకాట కేసుల్లో ‘తప్పు ఒప్పేసుకుని ఫైను కట్టెయ్, ఈ రోజుతో పోతుంది’ అని కోర్టు ఆవరణలో సలహా ఇచ్చేవాళ్ళకు కొదవ లేదు. కేసు ఆ రోజుతో పోతుంది, శిక్ష మాత్రం రికార్డులో ఉండిపోతుంది. ఫైను కట్టినవాడికి 12వ సెక్షన్ వర్తించదు. కానిస్టేబుల్ ఉద్యోగానికి ఎంపికై అటెస్టేషన్ ఫారం నింపేటప్పుడు గానీ ఆ ఫైను ఖరీదెంతో తెలియదు.

అప్పీలు, రాజీ

మచ్చ పూర్తిగా పోయేది తీర్పే పోయినప్పుడు. మేజిస్ట్రేటు వేసిన శిక్ష మీద సెషన్స్ కోర్టుకు 30 రోజుల్లో, సెషన్స్ తీర్పు మీద హైకోర్టుకు 60 రోజుల్లో అప్పీలు వేయాలి. ఆలస్యమైతే కారణం చూపి మన్నించమని కోరవచ్చు. పైకోర్టు నిర్దోషి అంటే మొదటి తీర్పు లేనట్టే. విజయవాడలో 2007 డిసెంబరులో జరిగిన హాస్టల్ విద్యార్థిని హత్య కేసులో 2010లో యావజ్జీవం పడిన యువకుణ్ణి హైదరాబాద్ హైకోర్టు 2017 మార్చి 31న నిర్దోషిగా తేల్చి, లక్ష రూపాయలు పరిహారం ఇమ్మంది. అప్పటికి అతను ఎనిమిదేళ్ళకు పైగా జైల్లో ఉన్నాడు.

అప్పీలు తేలేదాకా శిక్షను నిలిపేయడం మామూలే, దోష నిర్ధారణనే నిలిపేయడం అరుదు. అది కుదురుతుందని 1995లో రమా నారంగ్ కేసు చెప్పింది. 2007లో నవజోత్ సింగ్ సిద్ధూ, 2023లో రాహుల్ గాంధీ ఆ దారినే ఎన్నికల అనర్హత నుంచి బయటపడ్డారు. పేరున్న వకీళ్ళను పెట్టుకోగలిగినవారికి ఇది తెరుచుకున్నంత సులువుగా సామాన్యుడికి తెరుచుకోలేదన్నది దాచాల్సిన సంగతి కాదు.

రాజీకి వీలున్న నేరాల్లో ఫిర్యాదుదారు ఒప్పుకుంటే దాని ఫలితం నిర్దోషిగా విడుదలైనట్టే. భార్యను వేధించిన నేరానికి పాత శిక్షాస్మృతి కింద పెట్టిన 498ఏ కేసుల్లో కోర్టు అనుమతితో రాజీపడే వీలును ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2003లో సొంత సవరణతో కల్పించుకుంది. రాజీకి వీల్లేని కేసును కూడా, అది ప్రధానంగా వ్యక్తుల మధ్య తగువైతే, శిక్ష పడ్డాక సైతం హైకోర్టు కొట్టేయవచ్చని 2021 సెప్టెంబరులో రాంగోపాల్ కేసులో ప్రధాన న్యాయమూర్తి ఎన్.వి.రమణ ధర్మాసనం చెప్పింది.

క్షమాభిక్ష

రాష్ట్రపతికి 72వ అధికరణం, గవర్నరుకు 161వ అధికరణం ఈ అధికారమిచ్చాయి. పూర్తి క్షమాభిక్ష దోషాన్నే కడిగేస్తుంది. జైలు రోజులు తగ్గించడం మాత్రం తీర్పును ముట్టుకోదు. అస్సాంకు చెందిన శరత్ చంద్ర రభా ఎన్నికల కేసులో సుప్రీంకోర్టు తేల్చినది ఇదే. గవర్నరు నిర్ణయం కూడా కోర్టు సమీక్షకు అతీతం కాదనడానికి మన ఉదాహరణే ఉంది. కర్నూలు జిల్లా కాంగ్రెస్ నాయకుడికి 2005లో ఇచ్చిన శిక్ష తగ్గింపును, రాజకీయ అనుబంధాన్ని లెక్కలోకి తీసుకున్నారన్న కారణంతో 2006 అక్టోబరులో సుప్రీంకోర్టు కొట్టేసింది. ఏపూరు సుధాకర్ కేసుగా దీన్ని న్యాయ విద్యార్థులు చదువుతారు.

పిల్లలు, దాచిన సంగతులు

రికార్డు నిజంగా నాశనం చేయమన్న చట్టం పిల్లలదొక్కటే. 2015 బాల న్యాయ చట్టం 24వ సెక్షన్ ప్రకారం, అప్పీలు గడువు దాటాక లేదా నియమాలు చెప్పిన తగిన కాలానికి రికార్డు ధ్వంసం కావాలి. 16 ఏళ్ళు నిండి, ఘోర నేరంలో పెద్దవారిలా విచారణ ఎదుర్కొన్నవారికి ఈ మేలు లేదు.

ఉద్యోగ ఫారంలో పాత కేసు దాచడం గురించి కోర్టులు చాలాకాలం తలోమాట చెప్పాయి. 2011లో సందీప్ కుమార్ కేసులో జస్టిస్ మార్కండేయ కట్జూ, రొట్టె దొంగిలించి జీవితాంతం దొంగ ముద్ర మోసిన విక్టర్ హ్యూగో పాత్ర జాన్ వాల్జాన్‌ను తలుచుకుని, కుర్రతనపు తప్పును క్షమించమన్నారు. 2016లో అవతార్ సింగ్ కేసులో ముగ్గురు న్యాయమూర్తులు సూత్రాలు ఏర్పరిచారు: ఫారంలో నిజమే రాయాలి, అల్పమైన నేరమైతే దాచినా యజమాని మన్నించవచ్చు.

విదేశీ వీసాల సంగతి వేరు. అమెరికా వీసా ఫారం క్షమాభిక్ష పొందిన నేరాన్ని కూడా చెప్పమంటుంది. అక్కడ చదువుకుంటూ దుకాణంలో చిల్లర దొంగతనం కేసులో ఇరుక్కున్న మన విద్యార్థులకు స్థానిక లాయరు రికార్డు తుడిపించినా, నేరం ఒప్పుకుని ఉంటే 1996 వలస చట్టం దాన్ని శిక్షగానే లెక్కేస్తుంది. క్రిమినల్ లాయరుతో పాటు ఇమిగ్రేషన్ లాయరునూ ముందే అడగాలి.

ఇప్పటి స్థితి

1920 చట్టం స్థానంలో వచ్చిన 2022 గుర్తింపు చట్టం వేలిముద్రలు, కంటిపాప గుర్తులు, నమూనాలను 75 ఏళ్ళు దాచమంటుంది. పాత శిక్ష ఏదీ లేనివారు నిర్దోషులుగా బయటపడితే తీసేయాలి.

1978లో హోస్కోట్ కేసులో జస్టిస్ కృష్ణయ్యర్ ఖైదీకి తీర్పు నకలు ఉచితంగా, వెంటనే ఇవ్వాలని, అప్పీలుకు న్యాయ సహాయం కల్పించాలని ఆదేశించారు. 1987 న్యాయ సేవల అథారిటీల చట్టం మహిళలకు, ఎస్సీ ఎస్టీలకు, నిర్బంధంలో ఉన్నవారికి ఆదాయంతో పని లేకుండా ఉచితంగా వకీలును ఇస్తుంది. జిల్లా కోర్టు ప్రాంగణంలోని న్యాయ సేవాధికార సంస్థలో గానీ, 15100 నంబరుకు ఫోను చేసి గానీ అడగవచ్చు. అడగాల్సింది నేరం ఒప్పుకున్నాక కాదు, ఒప్పుకోకముందే.