గూఢచారి నవలల తొలి ప్రతులు: చదివి పారేసినవే అపురూపమైన వైనం

పుస్తకం చదవడం వేరు, పుస్తకం దాచడం వేరు. కావ్యాలనూ, మతగ్రంథాలనూ పట్టుగుడ్డలో చుట్టి భద్రపరచినవారు అన్ని దేశాలలోనూ ఉన్నారు. కాని రైలు ప్రయాణంలో కాలక్షేపానికి కొన్న గూఢచారి నవలను దాచుకోవాలని ఎవరికి తోస్తుంది? నూటికి తొంభైమందికి తోచలేదు గనుకనే ఆ నవలల ప్రథమ ముద్రణ ప్రతులకు లండన్ వేలంపాటలలో అంత గిరాకీ. ఈ చరిత్రలో విశ్రాంత ఉద్యోగులమైన మనకూ, మన పిల్లలకూ పనికివచ్చే సంగతి ఒకటున్నది.

ఇంగ్లీషులో ఈ తరహా నవలకు పునాదులు 20వ శతాబ్దపు తొలి ఏళ్ళలో పడ్డాయి. 1901లో రడ్యార్డ్ కిప్లింగ్ 'కిమ్' వెలువడింది. లాహోరు వీధులలో పెరిగిన ఒక అనాథ బాలుణ్ణి, సర్వే శాఖ ముసుగులో పనిచేసే వేగులవారు తమ పనికి తయారుచేయడం అందులోని కథ. 1903లో ఎర్స్కిన్ చైల్డర్స్ 'ది రిడిల్ ఆఫ్ ది శాండ్స్', 1915లో జాన్ బుకన్ 'ది థర్టీ నైన్ స్టెప్స్' వచ్చాయి. బుకన్ నవల మొదటి ప్రపంచ యుద్ధంలో కందకాలలోని సైనికుల చేతుల్లో నలిగింది. అలా నలిగిన పుస్తకాలు శుభ్రంగా మిగలడం అరుదు.

ఈ రచయితలలో కొందరు మనవలె ఉద్యోగం చేసినవారే. సోమర్సెట్ మామ్ మొదటి ప్రపంచ యుద్ధకాలంలో బ్రిటిష్ గూఢచారి శాఖకు పనిచేసి, ఆ అనుభవాలతో 1928లో 'ఆషెండెన్' ప్రచురించారు. డేవిడ్ కార్న్‌వెల్ అనే అధికారి సర్వీసులో ఉండగా సొంత పేరుతో నవలలు అచ్చువేయరాదు గనుక 'జాన్ లె కారె' అని మారుపేరు పెట్టుకున్నారు. ఆ పేరుతో మొదట 1961లో 'కాల్ ఫర్ ది డెడ్' వచ్చింది. 1963లో వచ్చిన 'ది స్పై హూ కేమ్ ఇన్ ఫ్రమ్ ది కోల్డ్' ఆయన ఉద్యోగం మానుకోగలిగినంత పేరూ, డబ్బూ తెచ్చింది. తొలి నవల నాటికి ఆయన పేరు ఎవరికీ తెలియదు. అందువల్ల దానిని దాచినవారు తక్కువ. సేకరించేవారు ఎక్కువగా వెతికేది అటువంటి పుస్తకాన్నే.

అన్నింటికంటె ప్రసిద్ధమైన ఉదాహరణ ఇయాన్ ఫ్లెమింగ్ రాసిన 'కాసినో రాయల్'. జేమ్స్ బాండ్ మొదటిసారి కనిపించిన ఈ నవలను లండన్‌లోని జొనాథన్ కేప్ సంస్థ 1953 ఏప్రిల్ 13న విడుదల చేసింది. మొదటి ముద్రణలో బైండు చేసిన ప్రతులు ఐదువేల లోపే. వెల పదిన్నర షిల్లింగులు, అంటే ఆనాటి మారకం ప్రకారం మన ఏడు రూపాయలు. ప్రతులలో చెప్పుకోదగిన భాగం గ్రంథాలయాలకు వెళ్ళింది. అక్కడ ముద్రలు పడ్డాయి, పేజీలు చిరిగాయి, చివరకు పనికిరావని తీసివేశారు. అట్టపై తొడిగే కాగితపు జాకెట్టును చాలామంది ఇంటికి రాగానే తీసి పారేశారు. ఆ జాకెట్టు రూపకల్పన ఫ్లెమింగ్‌దే. ఈనాడు మంచి జాకెట్టుతో ఉన్న తొలి ప్రతి పదుల వేల పౌండ్లు పలుకుతుంది. అదే ప్రతికి జాకెట్టు లేకపోతే ధర ఎన్నో రెట్లు పడిపోతుంది.

తొలి ప్రతిని గుర్తించే పద్ధతి కూడా ఆసక్తికరమే. ముఖపత్రం వెనుక పేజీలో తొలి ప్రచురణ 1953 అని మాత్రమే ఉండాలి. తరువాతి ముద్రణల ప్రస్తావన ఉండరాదు. జాకెట్టు లోపలి మడతపై 'సండే టైమ్స్' పత్రిక సమీక్షలోని మాటలు ఉంటే ఆ జాకెట్టు తరువాతిది. ఇప్పుడు అచ్చం పాతవాటిలా కొత్త జాకెట్లు కూడా అచ్చువేస్తున్నారు గనుక, కొనేవారు కాగితాన్నీ, అచ్చునూ నిదానంగా పరిశీలిస్తారు.

ఇందులో విశేషమేమిటంటే, ఫ్లెమింగ్ స్వయంగా ప్రథమ ముద్రణల సేకర్త. 1930వ దశకంలోనే, పెర్సీ మ్యూర్ అనే పుస్తక వ్యాపారి సహాయంతో, 1800 తరువాత మనిషి ఆలోచననూ, జీవితాన్నీ మలుపు తిప్పిన పుస్తకాల తొలి ప్రతులు కొనడం ప్రారంభించారు. డార్విన్, ఫ్రాయిడ్ గ్రంథాలూ, మేరీ క్యూరీ పరిశోధన వ్యాసమూ అందులో ఉన్నాయి. ఒక్కొక్క పుస్తకానికీ నల్లని పెట్టె చేయించారు. అప్పట్లో వాటిలో చాలావాటిని పట్టించుకునేవారు లేరు, ధరలూ తక్కువే. 1963లో లండన్‌లో ముద్రణ చరిత్రపై జరిగిన మహాప్రదర్శనకు ఆయన ఏకంగా 44 పుస్తకాలు ఇచ్చారు. 1964లో ఆయన మరణించాక, 1970లో అమెరికాలోని ఇండియానా విశ్వవిద్యాలయానికి చెందిన లిల్లీ గ్రంథాలయం ఆ సేకరణను కొన్నది. అది చెదిరిపోకుండా అక్కడ నిలిచింది. ఇతరుల పుస్తకాలను అంత శ్రద్ధగా దాచిన మనిషి సొంత నవలలే చదువరుల చేతుల్లో అరిగిపోయి అపురూపమయ్యాయి.

ఇక మన సంగతి. కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ యుగంధర్, మధుబాబు గారి షాడో మన ఇళ్ళలో ఎవరికి తెలియరు? అవి అద్దె పుస్తకాల దుకాణాలలో చేతులు మారాయి. దుకాణదారు బొమ్మ అట్ట చినిగితే తీసేసి, దళసరి అట్ట వేసి, దారంతో కుట్టేవాడు. న్యూస్‌ప్రింటు పసుపు రంగుకు తిరిగి పెళుసుబారింది. చివరకు చాలా ప్రతులు తూకానికి పోయాయి. నవల పునర్ముద్రణ దొరకవచ్చు. కాని మొదటిసారి ఏ బొమ్మతో, ఏ వెలకు, ఏ ప్రకటనలతో పాఠకుడి చేతికి వచ్చిందో చెప్పగలిగేది తొలి ప్రతి ఒక్కటే. అది పోతే ఆనాటి పాఠకుల అభిరుచికి సాక్ష్యం పోయినట్టే. తెలుగు నవలకు లండన్ ధరలు వస్తాయని ఎవరూ ఆశపడనక్కరలేదు. విలువ వేరు, వెల వేరు.

కనుక సభ్యులకు ఒక మనవి. బీరువా ఖాళీ చేసేముందు ప్రతి పుస్తకం మొదటి నాలుగు పేజీలు తిరగేయండి. ముద్రణ సంవత్సరం, ఎన్నవ ముద్రణ అన్నది చూడండి. అట్ట చినిగినా పారేయవద్దు. సెలోటేపు అంటించవద్దు, అది కాగితాన్ని తినేస్తుంది. పేరు రాయాలనుకుంటే పెన్సిలుతో రాయండి. చెమ్మ గోడకు ఆనించి పెట్టకండి. ఒక నోటుపుస్తకంలో జాబితా రాసి పిల్లలకు చెప్పండి. వారికి ఆసక్తి లేకపోతే వేటపాలెం సారస్వత నికేతనం, రాజమహేంద్రవరం గౌతమీ గ్రంథాలయం వంటి చోట్ల కనుక్కోండి. వారి వద్ద లేని పుస్తకం మన అటకమీద ఉండవచ్చు. పాత కాగితాలవాడు వచ్చి తక్కెడ తీసేలోగానే ఆ పని జరగాలి.