వేవిళ్లకు బి6 బిళ్ల ఎంతవరకు?
అమలాపురమైనా, రాజోలైనా, కొత్తపేటైనా మెడికల్ షాపులో "వాంతులకు విటమిన్ బిళ్ల" అని అడిగేవాళ్లున్నారు. వికారానికి విటమిన్లలో ముఖ్యంగా పనికొచ్చేది బి6, అంటే పైరిడాక్సిన్. అదీ గర్భిణుల వేవిళ్లకే. డాక్టర్లు సాధారణంగా 10 నుంచి 25 మి.గ్రా. చొప్పున రోజుకు 3, 4 సార్లు రాస్తారు. తగ్గకపోతే డాక్సిలమిన్ కలిసిన బిళ్ల ఇస్తారు, దాంతో నిద్రమత్తు వస్తుంది.

విటమినే కదా అని మోతాదు పెంచకండి. ఎక్కువ డోసు నెలల తరబడి వాడితే నరాలు దెబ్బతిని కాళ్లూ చేతులూ తిమ్మిరెక్కుతాయి. బి-కాంప్లెక్స్‌లోనూ బి6 ఉంటుంది, అదీ లెక్కలోకి తీసుకోవాలి. ఐరన్ బిళ్లతో కడుపులో తిప్పుతుంటే మానేయకండి, రాత్రి వేసుకోవచ్చా అని ఏఎన్ఎంని అడగండి.

నీళ్లు కూడా నిలవకపోయినా, మూత్రం బాగా తగ్గినా, వాంతిలో రక్తం పడినా రోజాలో ఉన్నాసరే ఇఫ్తార్ దాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లండి.