పెద్దమనిషి ఎవరు?

మొన్న మా చిలకలూరిపేటలో జిన్నింగు మిల్లు ముందునుంచి వస్తున్నాను. డెబ్భై ఏళ్ళ ముఠా మేస్త్రి ఒకాయన, మీసాలైనా సరిగ్గా రాని గుమాస్తా కుర్రాడి వెంట "సార్, సార్" అంటూ తిరుగుతున్నాడు. నాకు నవ్వొచ్చింది. ఎందుకంటారా? ఆ "సార్" పుట్టింది "సీనియర్" అనే లాటిను మాటనుంచే. అర్థం వయసులో పెద్దవాడని! ఫ్రెంచివాళ్ళ నోళ్ళలో నలిగి ఇంగ్లీషులోకి వచ్చాక వయసు రాలిపోయి హోదా మిగిలింది.

ఆల్డర్‌మన్ అంటే అచ్చంగా మన పెద్దమనిషే. 1688లో మద్రాసు కార్పొరేషన్ పెట్టినప్పుడు ఒక మేయరునీ, 12 మంది ఆల్డర్‌మన్లనీ కూర్చోబెట్టారు. అందరూ మగవాళ్ళేనని వేరే చెప్పాలా!

మనకీ పెద్దమనిషి ఉన్నాడు, ఊళ్ళో తగువులు తీర్చడానికి. కానీ ఆడపిల్ల "పెద్దమనిషి" అయితే కథ వేరు. ఆ మాట మగవాడికి అరుగుమీద పీట వేస్తే, ఆడపిల్లకి గది మూల చాప వేస్తుంది.

ఇక మేజరు, మైనరు. 18 ఏళ్ళు నిండితే మేజరని 1875లో చట్టం చేశారు. పెళ్ళి, విడాకులు, దత్తత జోలికి మాత్రం పోలేదు. అంటే అరెకరం మిరపచేను అమ్మడానికి సంతకం చెల్లని పిల్ల, తాళి కట్టించుకోవడానికి మాత్రం పనికొస్తుందన్నమాట! 1929లో శారదా చట్టం వచ్చి, పెళ్ళికూతురికి 14 ఏళ్ళుండాలంది. 1978లో అది 18 అయింది. అయితేనేం, 1946లో మా అమ్మమ్మ పెళ్ళి ఆమె పదకొండో ఏటే జరిగిపోయింది.

"అప్పటికి చిన్నపిల్లవే కదా అమ్మమ్మా?" అని ఒకసారి అడిగాను.

"చిన్నపిల్లనేనే. కానీ గడపలో అడుగుపెట్టగానే మా మరిది 'వదినా' అన్నాడు. నాకంటే ఆరేళ్ళు పెద్దవాడు! అంతవాడు వదినా అన్నాక ఇంకెక్కడి చిన్నతనం? అచ్చనగాయల సంచీ ఆ రోజే అటకెక్కించేశా" అంది.

సార్ అన్న మాటలో వయసు పోయి అధికారం మిగిలింది. మా అమ్మమ్మకి వదినరికంతో అధికారమేమీ రాలేదు, వయసు మాత్రం మీద పడింది.

కూరలబ్బాయి నన్ను "ఆంటీ" అన్నప్పుడల్లా ఇదివరకు ఉడుక్కునేదాన్ని. ఇప్పుడు మానేశాను. నా పెద్దరికం నలభై దాటాకనేగా వచ్చింది!