పని గంటలు ఎవరి వరం?

కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్లు తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది: రోజుకు ఎన్ని గంటలు పని చేయించుకోవచ్చు? ఎనిమిది గంటలని, అది 1942 నవంబరు 27న అంబేద్కర్ ఇచ్చిన వరమని జవాబు వస్తుంది. వైస్రాయి మండలిలో కార్మిక శాఖ సభ్యుడిగా ఆయన చేసిన కృషి పెద్దదే. అయితే వారానికి 48 గంటల పరిమితి చట్టంలోకి వచ్చింది 1946 సవరణతో. పైగా వరమనే మాట అంతకు ముందరి అరవై ఏళ్ల పెనుగులాటను మింగేస్తుంది.

1881 ఫ్యాక్టరీ చట్టం పిల్లల పనికి తొమ్మిది గంటల హద్దు పెట్టి ఊరుకుంది. బొంబాయి మిల్లు కార్మికులు లోఖండే నాయకత్వాన ఆదివారం సెలవు అడిగారు, 1890లో సాధించారు. మరుసటేడు చట్టం వారపు సెలవును ఒప్పుకొని, ఆడవాళ్ల పనిని పదకొండు గంటలకు కట్టడి చేసింది. మగవాళ్ల ఊసు ఎత్తలేదు.

ఈ చట్టాలన్నీ ఇంగ్లండులోని లాంకషైర్ మిల్లుదారుల అసూయ ఫలమని మన చరిత్రకారులు రాస్తూ వచ్చారు. అసూయ అబద్ధం కాదు, కానీ దానికే అంత బలముంటే మగవాళ్ల పనికి 1911 దాకా హద్దెందుకు పడలేదు? నా దృష్టిలో కథ మలుపు తిప్పింది కరెంటు దీపం. అంతకు ముందు మిల్లు పొద్దుతో తెరుచుకుని పొద్దుతో మూతపడేది. 1905 ప్రాంతంలో నూలు గిరాకీ పెరిగి, దీపాలు వచ్చి, పని పద్నాలుగు పదిహేను గంటలకు సాగింది. దీపమొక్కటే కారణమనను, గిరాకీ లేకపోతే దీపం వెలిగించేవారు కాదు. ఆ పొడవాటి పని గంటల మీదే 1907లో విచారణ సంఘం వేశారు. అందులో అధికసంఖ్యాకులు మగవాళ్ల పని గంటల జోలికి చట్టం పోనక్కర్లేదన్నారు. మద్రాసు నుంచి వెళ్లిన డాక్టర్ టి.ఎం. నాయర్ మాత్రం నేరుగా పరిమితి పెట్టాలని అసమ్మతి పత్రం రాశారు. 1911లో జౌళి మిల్లులకు పన్నెండు గంటల హద్దు పడింది. జస్టిస్ పార్టీ నాయకుడిగా తలుచుకునే నాయర్‌ను ఈ విషయంలో ఎవరూ తలుచుకోరు.

అంతర్జాతీయ కార్మిక సంస్థ 1919 వాషింగ్టన్ ఒడంబడిక ప్రపంచానికి వారానికి 48 గంటలంటే, భారతదేశానికి 60 చాలంది. బొంబాయి కార్మికులు 1920 సమ్మెతో పది గంటల రోజు సంపాదించుకున్నారు. వారానికి 60 గంటల చట్టం 1922లో వచ్చింది. సమ్మె ముందు, చట్టం వెనక. 1934లో రోజుకు పది, వారానికి 54. 1948 చట్టంలో రోజుకు తొమ్మిది, వారానికి 48, ఆపైన ఓటీకి రెట్టింపు కూలి.

2025లో ఆంధ్రప్రదేశ్ ఫ్యాక్టరీలలోను దుకాణాలలోను, తెలంగాణ వాణిజ్య సంస్థలలోను రోజుకు పది గంటలు అనుమతించాయి. వారం 48 దాటదు కదా అన్నది సమర్థన. వ్యాపారానికి వెసులుబాటు అవసరమే కావచ్చు. కానీ ఒంటి అలసట వారపు సగటులో కొలిచేది కాదు. ఆంధ్రలో విరామం లేకుండా చేయించగల పని అయిదు గంటల నుంచి ఆరుకు పెరిగింది. మూడు నెలలకు ఓటీ పరిమితి 75 గంటల నుంచి 144కు పెరిగింది. రోజు లెక్కలో మనం 1934 దగ్గరికి తిరిగి వచ్చాం. దీన్ని సంస్కరణ అనడానికి నాకు నోరు రావడం లేదు.