‘కాజు’, ‘జీడి’: ఒక పంట పేర్లు చెప్పే చరిత్ర

పలాస–కాశీబుగ్గ నుంచి బయటి ఊళ్ళకు వెళ్ళే పప్పు అంగడిలో తరచు ‘కాజు’ అన్న పేరుతో అమ్ముడవుతుంది. ఉద్దానం రైతు మాత్రం తాను జీడి పిక్కలు అమ్మానంటాడు. ఇచ్ఛాపురం వైపు ఒడియా మాట్లాడే ఇళ్ళలో మళ్ళీ ‘కాజు’ అన్న మాటే వినిపిస్తుంది. వస్తువు ఒకటే అయినప్పుడు పేర్లు రెండెందుకయ్యాయి? శాసనాలు, దస్తావేజుల మాదిరిగానే మాటలు కూడా చరిత్రకు ఆధారాలే. ఈ భాగంలో ఆ ఆధారాన్ని ఎలా చదవాలో తెలుసుకుందాం.

మాట ప్రయాణం

ఈ చెట్టు పుట్టిల్లు బ్రెజిల్. అక్కడి తూపీ ప్రజలు దానిని ‘అకజు’ అన్నారు. పోర్చుగీసువారు ఆ మాటను ‘కజు’గా మార్చుకున్నారు. 16వ శతాబ్దంలో వారే చెట్టును మన పడమటి తీరానికి తెచ్చారు. మాట అనేక భాషల్లోకి వెళ్ళింది గాని, అర్థం అన్నిచోట్లా ఒకటిగా నిలవలేదు. పోర్చుగీసులో ‘కజు’ అంటే ముఖ్యంగా రసం నిండిన పండు. గింజను చెప్పాలంటే మరో మాట చేర్చాలి. ఫ్రెంచిలో ‘అకజు’ అంటే నేడు ప్రధానంగా మహాగని కలప. హిందీ, మరాఠీ, ఒడియా భాషల్లో ‘కాజు’ అనగానే తినే పప్పు గుర్తుకు వస్తుంది. ఎవరి అవసరం ఏదో, వారి మాటలో అదే ప్రధానమైంది.

తెలుగువారు పెట్టిన పేరు

తెలుగులో ‘జీడి’ అన్న మాట ఈ చెట్టు కోసం పుట్టినది కాదు. మన అడవుల్లో పెరిగే నల్లజీడి, అంటే సంస్కృతంలో భల్లాతకం, దానికి ఆ పేరుంది. చాకళ్ళు బట్టలపై చెరగని గుర్తులు పెట్టింది ఆ గింజ రసంతోనే. అది ఒంటికి తగిలితే బొబ్బలెక్కుతుంది. కొత్తగా వచ్చిన చెట్టు గింజ పెంకులోనూ అటువంటి రసమే ఉంది. అందువల్ల తెలుగువారు పాత పేరునే దానికీ ఇచ్చి ‘జీడిమామిడి’ అన్నారు. కన్నడంలో ‘గేరు’ అన్న మాట కూడా ఈ రెండు చెట్లకూ చెల్లుతుంది. యూరపు పండితులూ ఇదే పని చేశారు. వారి మందుల అంగళ్ళలో ‘అనకార్డియం’ అంటే మొదట మన నల్లజీడి గింజే. 1753లో లిన్నేయస్ ఆ పేరును జీడిమామిడి ప్రజాతికి స్థిరపరిచాడు. నల్లజీడి, జీడిమామిడి, మామిడి ఒకే వృక్ష కుటుంబానికి చెందినవని శాస్త్రం చెబుతోంది.

పేరు వెనుక శ్రమ

పలాస జీడి పరిశ్రమలో పిక్కలను కాల్చి లేదా ఆవిరిలో ఉడికించి, పెంకు పగలగొట్టి, పప్పు తీసి, పొట్టు ఒలిచి, రకాలుగా వేరు చేస్తారు. పెంకు తీయడం, పొట్టు ఒలవడం వంటి పనుల్లో ఎక్కువగా స్త్రీలే ఉంటారు. పెంకులోని జీడి వేళ్ళకు అంటితే చర్మం నల్లబడి, పొరలుగా ఊడి, పుండ్లు పడుతుంది. అందుకే ఈ పనివారు చేతులకు బూడిదో ఆముదమో రాసుకోవడం ఉంది. ‘కాజు’ అన్న పేరు వింటే కొనేవాడికి రుచి గుర్తుకు వస్తుంది. ‘జీడి’ అన్న పేరులో చేతిని కాల్చే రసం ఉంది. పంటల చరిత్రను ఎగుమతుల లెక్కలతో మాత్రమే రాస్తే ఈ రెండో సగం కనిపించదు. మాట దానిని దాచి ఉంచింది.

ఒక హెచ్చరిక

ధ్వని పోలిక ఒక్కటే రుజువు కాదు. చొక్కా గుండీకి ఉండే ‘కాజా’ కూడా పోర్చుగీసు నుంచి వచ్చినదే. కాని దాని మూలం ‘కజు’ కాదు, ఇల్లు అని అర్థమిచ్చే ‘కాజ’ అన్న మరో మాట. కాబట్టి ఒక మాటను ఆధారంగా తీసుకునేటప్పుడు అది ఏ వస్తువుతో, ఏ కాలంలో, ఎవరి ద్వారా వచ్చిందో విడివిడిగా పరీక్షించాలి.

అభ్యాసం: మీ ఊరి పంటల్లో బయటి నుంచి వచ్చిన ఒకదాన్ని ఎంచుకోండి. పండించేవారు, పనివారు, అమ్మేవారు దానిని ఏ పేర్లతో పిలుస్తారో అడిగి రాసుకోండి. ఆ పేర్లలో ఎవరి అనుభవం నిలిచిందో, ఎవరిది లేదో ఒక పేజీలో వివరించండి.